హౌజు అడుగున రాతి చేప

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇది వేరే ఎవరో చెప్పాల్సిన పని లేదు, నేనే ఒప్పుకుంటాను. ఆ ఎండాకాలం మాత్రం నా కోపం వల్లే పద్నాలుగు ఇళ్లకు తాగే నీళ్లు దక్కాయి. కోపంలో ఒక మాట అనేశాను. దాన్ని నిలబెట్టుకోవడానికి ఆరు రోజులు పట్టింది.

అప్పట్లో మేం వనపర్తి నుంచి స్టేషన్‌కు పోయే బాట మీద, ఒక వకీలు గారి తోటలో ఉండేవాళ్లం. మా ఆయన తోటమాలి కాదు, నేతగాడు. గద్వాలలో అంచుకు పట్టు, ఒంటికి నూలు పెట్టి చీరలు నేసిన చెయ్యి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక నూలు దొరకడం మానేసింది. మగ్గం గుంటలో కోడి పొదగడం మొదలుపెట్టింది. కోడిపిల్లలు బయటికి వచ్చేదాకా చూశాం, నూలు మాత్రం రాలేదు. ఇక లాభం లేదని మగ్గం విప్పి అటకెక్కించి, తెలిసినవాళ్లు చెబితే ఈ తోటలో కాపలా పనికి వచ్చాం. వచ్చేటప్పుడు ఆయన వెంట తెచ్చుకున్న పనిముట్టు ఒక్కటే, పడుగుకు గంజి పట్టించే కుంచె. అది ఇక్కడెందుకని అడిగితే, "ఉండనీయే, అదేమన్న అన్నం అడుగుతదా" అన్నాడు.

వకీలు గారు ఉండేది హైదరాబాదులో. ఒకసారి బొంబాయి పోయి అక్కడ ఈత కొట్టే హౌజు చూసొచ్చారట. మనసు పడి తన తోటలోనూ ఒకటి కట్టించారు. పొడుగు ఇరవై మూరలు, వెడల్పు పది. ఒక పక్క ఛాతీ లోతు, ఇంకో పక్క నిలువెత్తు. లోతుగా ఉన్న పక్కన అడుగు రాతి మీద మంచి చేపను చెక్కించారు. కన్ను, పొలుసులు, తోక అన్నీ ఉంటాయి దానికి. నీళ్లు కదిలితే అది కూడా కదిలినట్టే ఉండేది. మా చుట్టుపక్కల ఇంకెక్కడా అలాంటిది లేదు కాబట్టి, దారిన పోయే బండ్లవాళ్లు కూడా దిగి చూసిపోయేవారు.

అయితే ఏడాదిపాటు వకీలు గారు ఇటువైపు రాలేదు. మా ఆయన తోటలో ఆకు రాలితే ఊడ్చాడు, కంచె విరిగితే కట్టాడు. నీళ్లను కూడా ఊడ్వాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. రోహిణి కార్తె వచ్చేసరికి హౌజు నీళ్లు గోంగూర ఉడికించిన నీళ్లలా తయారయ్యాయి. మెట్ల మీద పాచి, అంచుల్లో నాచు, మధ్యలో కప్పల కాపురం. చేప సంగతి దేవుడెరుగు, రెండో మెట్టే కనబడేది కాదు.

ఒక గురువారం పొద్దున గుమాస్తా గొడుగు వేసుకుని వచ్చాడు. వకీలు గారి భూముల లెక్కలు, తోట పనులు అన్నీ ఆయనే చూసేవాడు. నీళ్లను చూసి ముక్కు మూసుకున్నాడు.

"వకీలు సాబు జాబు రాసిండు. వచ్చే శుక్రవారం పట్నం నుంచి దోస్తులను తోలుకొని వస్తుండట. హౌజుల ఈత కొడ్తరట. ఈ మురుగంత పారబోసి కొత్త నీళ్లు నింపాలె."

"ఏ నీళ్లు నింపుతరయ్యా?" అని నేనే అడిగాను.

"గీ బావి నీళ్లే. ఇంకెక్కడున్నయి? మూడు మోటలు కట్టిస్త. రెండు దినాలల్ల నిండుతది."

తోటకు పారే పెద్దబావి అప్పటికే ఎండిపోయి అడుగున బల్లులు తిరుగుతున్నాయి. మిగిలింది కంచె పక్కనున్న చిన్నబావి. ఆ వెనక వాడలో పద్నాలుగు ఇళ్లు. అందరూ వకీలు గారి పొలాల్లో కూలి చేసుకునేవాళ్లే. అందరికీ తాగడానికి, వండుకోవడానికి ఆ బావి ఒక్కటే ఆధారం. దాన్ని విడిచిపెడితే మళ్లీ కోసు దూరం నడవాలి. మోటకు కట్టిన ఎద్దులు తోలుబొక్కెనతో నీళ్లు లాగడం మొదలుపెడితే, రెండు రోజులకు ఆ బావిలో మిగిలేది బురదే.

ఆ సంగతి అందరికంటే బాగా వాడలోని అవ్వకు తెలుసు. అవ్వ తన చేంతాడుకు ఒకచోట ఎర్ర గుడ్డపీలిక కట్టి పెట్టుకుంది. బొక్కెన దిగి నీళ్లు తాకేసరికి ఆ పీలిక గిరక దాకా వచ్చిందంటే, ఇక బావిలో ఉన్నది బురదేనని గుర్తు. ఆ గురువారం పీలిక గిరకకు మూడు మూరల దూరంలో ఆగింది. వానలు కుదురుగా పడి బావి ఊరడానికి ఇంకా నెల ఉంది. ఆ మూడు మూరలతోనే వాడంతా నెల గడపాలి.

"మూడు మోటలు కడితె వాడోళ్లు ఏం తాగాలె?" అన్నాను.

"నాకేం తెల్వదు. సాబు హుకుం."

అప్పుడు వచ్చింది నా కోపం. "పారబోసుడెందుకు? ముతక నూలును మల్లెపువ్వు లెక్క తెల్లగ జేసెటోళ్ల బిడ్డను నేను. ఈ నీళ్లనే సాఫు జేసి చూపిస్త. బావి జోలికి పోకుండ్రి."

గుమాస్తా నవ్వాడు. చెడ్డవాడేమీ కాదు, కాకపోతే జాబులో రాసిన మాటకు అటూ ఇటూ వెంట్రుకవాసి కదలడు. "సరే తియ్యి. బుధవారం పొద్దుగల్ల వస్త. ఆ చేప కన్ను, పొలుసులు, తోక, మూడూ నాకు కనబడాలె. కనబడకుంటే అప్పటికప్పుడే మోటలు కడుత. మల్ల నీ నోరు లేవొద్దు."

ఓ నోరా, వీపుకు తేకే అన్నారు పెద్దలు. ఆ సామెత ఆయన గొడుగు గేటు దాటాక గుర్తొచ్చింది నాకు.

మా ఆయనేమో, భార్య ఎలాగూ మాట జారింది, సాయం చేద్దామనుకున్నాడు పాపం. మధ్యాహ్నానికల్లా దవాఖానకు పోయి కాంపౌండరును అడిగి కాగితం పొట్లంలో లాల్ దవా తెచ్చాడు. అంతకు ముందు ఏడాది గత్తర, అదే కలరా, వచ్చినప్పుడు సర్కారువాళ్లు బావుల్లో ఆ మందే వేశారు. నన్ను అడగకుండా పొట్లం మొత్తం హౌజులో కుమ్మరించాడు. మొదట మందు పడిన చోటల్లా వంకాయ రంగు తీగలు తీగలుగా పాకింది. "చూడు, ఎంత అందంగుందో" అని నన్ను పిలిచాడు కూడా. పొద్దు వాలేసరికి హౌజు మొత్తం గోధుమ రంగుకు తిరిగింది. పచ్చదనం ఎక్కడికీ పోలేదు, దాని మీద ఈ రంగు కూడా వచ్చి కూర్చుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

అవ్వ కడవ చంకన పెట్టుకుని వచ్చి తొంగి చూసింది. "చారు మంచిగనే మరిగింది కొడకా, ఉప్పు జూసినవా?" అంది. మా ఆయన తలకాయ వంచుకున్నాడు. నేను తిడదామని నోరు తెరిచి, నవ్వాపుకోలేక చెట్టు చాటుకు పోయాను. లాల్ దవా తప్పేమీ లేదు. తేట బావిలో చిటికెడు వేస్తే అది బాగానే పనిచేస్తుంది. ఇంత నాచు మీద పడితే ఆ నాచుతో కొట్లాడుతూనే దాని పని అయిపోతుంది.

మా నాయన గద్వాలలో నూలుకు రంగులు వేసేవాడు. రంగు వేయాలంటే ముందు నూలును తెల్లగా చేయాలి. అందుకు వాడేది బ్లీచింగు పొడి. ఆ పొడి మంచిచెడ్డలు నేను నడక నేర్చినప్పటినుంచి చూస్తున్నవే. శుక్రవారం పొద్దున బంగళా సామాన్ల గది వెతికితే తుప్పు పట్టిన డబ్బా ఒకటి దొరికింది. హౌజు కట్టినప్పుడు తెప్పించిన పొడే అది. మూత వంకరపోయి, లోపల పొడి ముద్దముద్దగా చెమ్మగిల్లి ఉంది. మా ఆయన వాసన చూసి సంతోషపడ్డాడు. "జర కూడ వాసన లేదు. మంచి సరుకు" అన్నాడు.

"వాసన లేని పొడి పీనుగుతో సమానం. ముక్కు పగిలి కండ్లల్ల నీళ్లు తిరిగితెనే దాంట్ల పాణమున్నట్టు" అన్నాను.

ఆయన నమ్మలేదు. నేను కట్టుకున్న నీలం చీర కొంగు చివర్న ఒక పోగు లాగి, గిన్నెలో ఆ పొడి కలిపిన నీళ్లలో వేశాను. మా నాయన పరీక్ష అదే. పొడి బతికుంటే ఇరవై లెక్కపెట్టేలోగా నీలం పోగు తెల్లబడాలి. నూరు దాకా లెక్కపెట్టాను. పోగు ఎంత నీలంగా వేశానో అంత నీలంగానే ఉంది.

ఆ చీర సంగతి ఇక్కడ చెప్పాలి. నూలు అయిపోయే ముందు మా ఆయన ఆఖరున నేసిన చీర అది. అమ్మడానికి మనసొప్పక నాకే ఇచ్చాడు. నేను దాని కొంగు పీకుతుంటే ఆయన ముఖం ఒకలా అయింది. "నీలి పోగులు ఇంకెక్కడ దొరకవా?" అన్నాడు. దొరకవు మరి. నూలుపోగు బంగారమైన రోజులవి.

వనపర్తి బజారులో ఒక కొట్టులో బ్లీచింగు పొడి ఉందంటే అక్కడికీ పోయాం. కొట్టాయన కొత్త పొట్లం విప్పాడు. మెత్తగా, మంచులా తెల్లగా ఉంది. అక్కడే ఆయన లోటాలో కలిపి ఇంకో పోగు వేశాను. అదీ నీలంగానే తేలింది. తెల్లనివన్నీ పాలు కావు కదా. "అయ్యా, ఇది ఉత్త సున్నం" అన్నాను. ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. "నాకమ్మినోడు మందనే చెప్పిండమ్మా" అని, ఆ పొట్లంలోంచి వేలి కొసకు కొంచెం తీసి తమలపాకుకు రాసుకుని నోట్లో వేసుకున్నాడు. నోరు బ్రహ్మాండంగా పండింది.

ఇక మిగిలింది ఒక్కటే చోటు. శనివారం తెల్లవారి రైలెక్కి గద్వాల పోయాను. కృష్ణ మీద వంతెన దాటుతుంటే కింద నీళ్లకంటే బండలే ఎక్కువ కనబడ్డాయి. అంత పెద్ద నదే ఎముకలు తేలి ఉంటే, మా చిన్నబావి ఎంతని భయం పట్టుకుంది.

నాయన వాకిట్లో ఖాళీ రంగు కుండల మధ్య కూర్చుని గోళ్లు గీరుకుంటున్నాడు. జన్మంతా నీలంగా ఉన్న ఆ గోళ్లు తెల్లబడిపోయాయి. అది చూసి వచ్చిన పని చెప్పడానికి నోరు రాలేదు నాకు. అన్నం తిన్నాక మెల్లగా అంతా చెప్పాను. నాయన లేచి, మూలనున్న బియ్యం గంప జరిపి, వెనక నుంచి ఒక జాడీ తీశాడు. మూతికి గుడ్డ, గుడ్డ మీద మైనం. గుడ్డ విప్పగానే నాకు కళ్లు మండి నీళ్లు కారాయి. పోగు అడిగాడు. కొంగులోంచి తీసిచ్చాను. పదహారు లెక్కపెట్టేసరికి పోగు పాలలా అయింది. ముసలాయన ముఖంలో వెలుగు చూడాలి అప్పుడు.

"ఇదొక్కటే మిగిలింది బిడ్డా. నూలు వచ్చిననాడు చేతిల మందు లేకుంటే ఎట్లని దాచిన" అన్నాడు.

"అయితే వద్దులే నాయినా" అన్నాను. నిజంగానే వద్దనిపించింది. ఆయన ఆశంతా ఆ జాడీలో ఉంది.

నాయన గుడ్డ మళ్లీ బిగించి కడుతూ అన్నాడు. "నూలు వచ్చిననాడు మందు గూడ వస్తది. దుకాణపోడే ఇంటికొచ్చి ఇస్తడు. నీళ్లు గట్ల రావు. తీస్కపో."

ఏడ్చాను. కళ్లు పొడికి మండుతున్నాయని అన్నాను గానీ, ఆయనకు తెలుసు.

మర్నాడు తిరుగు రైల్లో ఆ జాడీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పెట్టెలో అందరూ నన్నే చూస్తున్నారు. ఎదురుగా ఒక పెద్దామె కొంగుతో ముక్కు మూసుకుని, "ఏం తొక్కు పెట్టినవు బిడ్డా, మిరపకాయలు ఎన్ని ఏసినవు?" అని అడిగింది. తొక్కు కాదు, నీళ్లకు మందు అంటే నమ్మలేదు. ఇంకో ఇద్దరు లేచి వేరే పెట్టెలోకి పోయారు. వనపర్తి స్టేషన్ వచ్చేదాకా కాళ్లు చాపుకుని హాయిగా వచ్చాను.

ఇంటికొచ్చి చూద్దును కదా, మా ఆయన చెవుల దాకా పచ్చగా ఉన్నాడు. ఊరికి పోతూ నేను చెప్పిన మాట ఒక్కటే. జిడ్డు నూలుకు మందు పట్టదు, ముందు ఉతకాలి, హౌజు కూడా అంతే అని. ఆయన రెండు రోజులు ఛాతీ లోతు నీళ్లలో నిలబడి తన కుంచెతో మెట్లు, గోడలు అన్నీ రుద్దాడు. అవ్వ, ఆమె కోడలు పాత చీర ఒకటి అడ్డంగా పట్టుకుని, చేపలు పట్టినట్టు నాచంతా లాగి గంపల్లో పోశారు. గట్టు మీద గుట్టంత నాచు. కుంచె వెంట్రుకలు సగం ఊడిపోయాయి.

"కుంచె ఖరాబైంది గదయ్యా" అన్నాను.

"మగ్గం లేనోనికి కుంచెకు మాత్రం పనేముంది? నీ కొంగే పోయింది, కుంచె పోతే ఏంది" అన్నాడు. ఆ మనిషి మీద నాకు అంత ప్రేమ అంతకు ముందెప్పుడూ కలగలేదని రాయడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు.

మందు కలపడం నా పని. మట్టి కుండల్లో నీళ్లు పోసి, జాడీలో పొడి సగానికి పైగా వేసి, వేపకర్రతో తిప్పి అలాగే ఉంచాను. సున్నం అడుగుకు దిగాక పైన తేట మిగులుతుంది. ఆ తేటే పనికొచ్చేది. పొడిని పొడిగా చల్లితే నూలుకైతే చిల్లులు పడతాయి, నీళ్లకైతే సున్నపు మసక పడుతుంది. మా ఆయనకు తొందర. ఇప్పుడే పోద్దామంటాడు. ఎండలో పోస్తే సగం మందు ఎండే తాగేస్తుంది. పొద్దు గుంకేదాకా ఆపి, అప్పుడు ఇద్దరం చెరొక పక్క నుంచి హౌజు చుట్టూ నడుస్తూ తేట పోశాం. చుక్కలు ఎగిరి నా నీలం చీర మీద పడ్డాయి. ఎక్కడ పడితే అక్కడ తెల్ల మచ్చ. చూసి ఇద్దరం నవ్వుకున్నాం.

సోమవారం పొద్దున చూస్తే పచ్చ లేదు, గోధుమ రంగు కూడా దాదాపు విరిగింది. అయితే నీళ్లు బియ్యం కడిగిన కుడితిలా ఉన్నాయి. చచ్చిన నాచంతా నీళ్లలో వేలాడుతోంది. గుమాస్తా దారిన పోతూ గేటు దగ్గర ఆగి, "పచ్చ పోయి తెలుపాయె. చేపేది?" అని అడిగి పోయాడు. బజారు నుంచి పటిక తెప్పించి, నలగ్గొట్టి, బకెట్లలో కరిగించి అంతటా పోశాం. మంగళవారం పొద్దున మూడో మెట్టు కనబడింది, మధ్యాహ్నానికి ఐదోది. మిగిలిన పొడినీ అలాగే కలిపి, తేట తీసి ఆ సాయంత్రం పోశాను. ఇంక తెల్లవారితే చాలని, నిశ్చింతగా వంటకు పోయాను.

అదే నేను చేసిన తప్పు. రొట్టెలు కాల్చి తిరిగి వచ్చేసరికి హౌజు నీలంగా ఉంది.

మా ఆయన గట్టు మీద ఎంతో తృప్తిగా కూర్చున్నాడు. ఆయన చేతిలో నీలిమందు కట్టిన గుడ్డమూట. "నూలు తెల్లగైనంక ఆఖరున ఇంత నీలి పెడ్తం గద. నిగనిగ మెరుస్తది" అన్నాడు.

ఏ నేతగాడైనా చేసే పనే అది. తెల్లబట్టకు నీలి పెట్టకపోతే వాళ్లకు పని పూర్తయినట్టు ఉండదు. మగ్గం పోయినా చేతికి అలవాటు పోలేదు. కానీ నాకు ఆ మాటలేవీ అప్పుడు తోచలేదు. "బావి ముంచినవు గదయ్యా" అని అక్కడే కూలబడి ఏడ్చాను. వాడలో కోడళ్లు కడవలు పట్టుకుని కోసు దూరం నడవడం నా కళ్ల ముందు కనబడింది. ఆయనకు సంగతి అర్థమై ముఖం పాలిపోయింది. ఆ రోజు రొట్టెలు ఎవరూ తినలేదు.

బుధవారం తెల్లవారుతుండగా అవ్వ కేక వేసింది. "ఓ పిల్లా, జర ఇటు రా. నీళ్లెటు పోయినయి?"

పరుగెత్తాను. నీళ్లు ఎటూ పోలేదు. అంత తేటగా ఉండేసరికి హౌజు ఖాళీ అయిందనుకుంది అవ్వ. నీలం చుక్క కూడా లేదు. ఒక్క క్షణం బిత్తరపోయి, వెంటనే పకపకా నవ్వాను. నేను గిన్నెలో పోగు వేసి చేసిన పరీక్షనే మా ఆయన హౌజంతటికీ చేశాడు. నాయన పొడి ఆ నీలినంతా మింగేసింది. ఆయనకు ఆ ముక్క చెబితే, "నేను కావాలనే ఏసిన" అన్నాడు. ఎంత ధైర్యమో చూడండి.

కానీ ఇల్లలకగానే పండగ కాదు. నీళ్లు తేటగా ఉన్నాయి, చేప మాత్రం లేదు. పటికకు దిగిన మడ్డి అంతా అడుగున బూడిద దుప్పటిలా పరుచుకుని ఉంది. అప్పుడే దారి మీద గుమాస్తా గొడుగు కనబడింది. వెనకాల మూడు జతల ఎద్దులు, మోట సామాన్లు. ఆయన ఓడిపోయే ఆలోచనతో రాలేదు.

మా ఆయనకు ఈత రాదు. నేను కృష్ణలో ఈదిన దాన్ని. కొంగు విప్పి లోతు పక్కన మెల్లగా నీళ్లలోకి జారాను. చేత్తో తుడిస్తే మడ్డి లేచి నీళ్లన్నీ మళ్లీ మసకబారతాయి. అందుకని మునిగి, కొంగును చేప ఉండే చోట మెల్లగా పరిచి, మెత్తగా అదిమి, చాప చుట్టినట్టు చుట్టుకుంటూ మడ్డితో సహా పైకి తెచ్చాను. మూడుసార్లు మునిగాను. మూడోసారి పైకి వచ్చేసరికి గుమాస్తా గట్టు మీద ఉన్నాడు.

"ఏది?" అన్నాడు.

"జర ఆగుండ్రి అయ్యా. నీళ్లు నిలవడనీయుండ్రి."

నేను నీళ్లు కదలకుండా మెట్టు మీద నిలబడ్డాను. లేచిన కొంచెం మసక మెల్లగా పక్కకు జరుగుతోంది. ఎద్దులు మెడలు విదిలిస్తున్నాయి. ముందు కన్ను కనబడింది. తర్వాత పొలుసులు ఒక్కొక్క వరుసే తేలాయి. తోక దగ్గర చాలాసేపు ఆగింది.

గుమాస్తా వంగి చూశాడు. గొడుగు మూసి మళ్లీ చూశాడు. "తోక గూడ ఉన్నది" అని, ఎద్దులవాళ్ల వైపు తిరిగి చెయ్యి ఊపాడు. ఎద్దులు వెనక్కు మళ్లాయి. మా ఆయన గట్టు మీద కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేను ఆయన్ను తిట్టలేదు, ఆ ఒక్కరోజుకు.

శుక్రవారం వకీలు గారు, ఆయన స్నేహితులు వచ్చి పొద్దంతా ఈత కొట్టారు. చేపను ముట్టుకుని రావాలని పందేలు వేసుకున్నారు. బొంబాయిలో కూడా ఇంత తేట నీళ్లు చూడలేదని ఒకాయన అన్నాడు. కాసేపటికి వకీలు గారు గట్టెక్కి, తువ్వాలు కప్పుకుని నీడన కూర్చుని తాగడానికి నీళ్లు అడిగారు. అవ్వ చేంతాడు తీసుకుని నేనే చిన్నబావిలో చేది తెచ్చాను. ఆయన లోటా నీళ్లు గటగటా తాగి, ఇంకో లోటా అడిగి తాగారు.

"ఎంత తియ్యగున్నయి. ఏ బావివి?" అన్నారు.

"గీ చిన్నబావివే సాబు. బుధవారం పొద్దుగల్ల ఇవి మీ హౌజుల పడాల్సినవి. వాడ మొత్తం ఇవే తాగుతది" అన్నాను.

ఆయన గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా తన గొడుగు కర్ర వైపు చూసుకున్నాడు. వకీలు గారు తడికాళ్లతోనే లేచి బావి దాకా పోయి, ఒరమీద చేతులు పెట్టి లోపలికి చాలాసేపు చూశారు. తిరిగొచ్చి గుమాస్తాతో, "ఎండకాలం ఈ బావికి మోట కట్టొద్దు. నేను జాబు రాసినా సరే" అన్నారు. నన్ను ఏం కావాలో అడుగుమంటే, మా నాయన జాడీ నింపి ఇవ్వమన్నాను. ఇచ్చిన మాట మరిచిపోలేదు ఆయన. వానలు పడ్డాక సీలు వేసిన డబ్బా గద్వాలకు చేరింది. నూలు మాత్రం ఇంకో రెండేళ్లకు వచ్చింది.

మర్నాడు శనివారం పొద్దున నేను బావి దగ్గరికి పోయేసరికి అవ్వ అప్పటికే బొక్కెన వదులుతోంది. నీళ్ల చప్పుడు వినబడగానే తాడు పట్టి ఆపి, నన్ను పిలిచి చూపించింది. ఎర్ర పీలిక గిరకకు ఇంకా బెత్తెడు తక్కువ మూడు మూరల దూరంలోనే ఆగి ఉంది.